రోహిణి కార్తె రాకముందే ఆర్‌సీ కారు వైర్లు చూసుకోండి

ఏప్రిల్ ఆఖర్లో బడులకు సెలవులు ఇవ్వగానే అటక మీది ఆర్‌సీ కార్లన్నీ, అంటే రిమోట్‌తో నడిచే చిన్న కార్లన్నీ, కిందికి దిగుతాయి. సరిగ్గా అప్పుడే నల్లగొండలో ఎండ 42, 43 డిగ్రీలు దాటుతుంటుంది. మే చివర్లో రోహిణి కార్తె వస్తే రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు. చలికాలంలో ఏ గొడవా లేకుండా తిరిగిన కారు ఇప్పుడు ఐదారు నిమిషాలకే ఆగిపోతుంది. బాడీ తీసి చూస్తే వైరు ముట్టుకోలేనంత వేడి. అప్పుడు చాలామంది కొత్త బ్యాటరీ కొంటారు, లేదా ఫ్యాను తగిలిస్తారు. అవి తర్వాత చూడొచ్చు, ముందు వేడి ఎక్కడ పుడుతోందో పట్టుకోవాలి.

కారును రెండు నిమిషాలు నడిపి ఆపండి. బ్యాటరీ ప్లగ్గు తీసేసి, వైర్లను ఒక చివర నుంచి ఇంకో చివర దాకా వేలితో తడుముతూ రండి. మూడు నాలుగు సెకన్లు వేలు ఆనించలేకపోతే అక్కడ వేడి 60 డిగ్రీల దరిదాపుల్లో ఉందని లెక్క. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే ఇంకా మంచిది. వేడి ప్లగ్గు దగ్గరే ఉండి, నాలుగు వేళ్ల దూరం పోయేసరికి తగ్గితే తప్పు ప్లగ్గుదో సోల్డరింగ్‌దో. వైరు పొడవునా ఒకేలా కాలుతుంటే వైరు సన్నదైనా అయ్యుండాలి, మోటారు గుంజుతున్న కరెంటు ఎక్కువైనా అయ్యుండాలి. మోటారు వైపు మాత్రమే కాలుతుంటే వైరు తప్పేమీ లేదు, మోటారు వేడి రాగి వెంట పాకుతోంది. ఈ మూడింటికీ మందు వేరు వేరు కాబట్టి, ఈ తడిమి చూసే పని చేయకుండా డబ్బు ఖర్చు పెట్టొద్దు.

ప్లగ్గు సంగతి కాస్త ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. వదులైన ప్లగ్గులో 0.01 ఓమ్ నిరోధం ఉందనుకోండి. 20 ఆంపియర్లు పోతుంటే అక్కడ పుట్టే వేడి 4 వాట్లు, 40 ఆంపియర్లు పోతుంటే 16 వాట్లు. చిన్న రిపేర్లకు వాడే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లే ఉంటుందని గుర్తుంచుకోండి. ఇంత చిన్న నిరోధాన్ని మామూలు మల్టీమీటరుతో కొలవలేం, దాని వైర్ల నిరోధమే అంతకంటే ఎక్కువ. కాబట్టి కంటికీ వేలికీ పని చెప్పాలి. పిన్నులు నల్లబడ్డాయా, ప్లగ్గు పెట్టేటప్పుడు బిగువుగా దిగుతోందా, ప్లాస్టిక్ కొంచెమైనా మెత్తబడి పిన్ను పక్కకు ఒరిగిందా, కమురు వాసన వస్తోందా, ఇవన్నీ చూడండి. కొన్ని కార్లకు కంపెనీ నుంచే వచ్చే తెల్లటి టమియా ప్లగ్గు పెద్దగా కనిపిస్తుంది కానీ 15 ఆంపియర్ల దాకానే మోస్తుంది. బ్రష్‌లెస్ మోటారు (లోపల కార్బన్ బ్రష్‌లు లేని, జోరైన మోటారు) వేసుకున్నవాళ్లు ఆ ప్లగ్గును మరిచిపోయి ఎక్స్‌టీ60 అనే లావు పిన్నుల ప్లగ్గుకు మారడం మంచిది.

మార్చేటప్పుడు బ్యాటరీ వైర్లు రెండూ ఒకేసారి కత్తెరలో పెట్టకండి. కత్తెర ఇనుము రెంటినీ కలిపి షార్ట్ చేస్తుంది, నిప్పురవ్వలు మొహం మీదికి లేస్తాయి. ఒకటి కత్తిరించి, హీట్ ష్రింక్ ట్యూబు (వేడి తగిలితే ముడుచుకొని జాయింటును కప్పే గొట్టం) ముందే వైరుకు ఎక్కించి, సోల్డర్ చేసి, ట్యూబును జాయింటు మీదికి జరిపి, ఆ తర్వాతే రెండోది ముట్టుకోండి. ఎర్ర వైరు ప్లస్‌కు, నల్ల వైరు మైనస్‌కు పోతోందో లేదో రెండుసార్లు చూసుకోండి. తారుమారైతే ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపు చేసే సర్క్యూట్) క్షణంలో పోతుంది.

లావు వైరుకు 25 వాట్ల ఐరన్ చాలదు. వైరు వేడెక్కేలోపే సోల్డర్ చల్లారి, బూడిద రంగులో గరుకు గోళీలా పైన కూర్చుంటుంది. చూడ్డానికి అతుక్కున్నట్టే ఉంటుంది, గట్టిగా లాగితే ఊడి చేతికొస్తుంది. మంచి జాయింటు నున్నగా మెరుస్తూ, పోగుల మధ్యలోకి దిగినట్టు కనిపిస్తుంది. 60 వాట్లకు తగ్గని ఐరన్ కావాలి. ఇంట్లో లేకపోతే బోరు మోటార్లు బాగుచేసే వైండింగ్ షాపులో అడగండి, వాళ్ల దగ్గర పెద్ద ఐరన్ ఉంటుంది. ఎక్స్‌టీ60కి సోల్డర్ చేసేటప్పుడు దాని జత ప్లగ్గును ఎదురుగా పెట్టి ఉంచితే పిన్నులు వంకర పోవు. ఆ ఎదురు ప్లగ్గు బ్యాటరీకి తగిలించింది కాకూడదని వేరే చెప్పాలా!

ఇక వైరు. సెలవుల్లో తెగిన వైరు స్థానంలో ఇంటి కరెంటు వైరు ముక్క వేసేయడం మన దగ్గర మామూలే. అలా చేయకండి. దాని మీది పీవీసీ తొడుగు మామూలుగా 70 డిగ్రీలకు చేసింది. ఆర్‌సీ కార్లలో వాడే సిలికాన్ వైరు 200 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది, వందల సన్నని పోగులతో మెత్తగా వంగుతుంది. అసలు కారులో పదో వంతు సైజుండే బ్రష్‌లెస్ కారుకు 12 గేజి వైరు వేస్తే నిశ్చింత. మామూలు బ్రష్డ్ మోటారుకు 14 గేజి సరిపోతుంది. ఇక్కడో తిరకాసుంది. ఆర్‌సీ వాళ్లు చెప్పే గేజి అమెరికా లెక్క, వైండింగ్ షాపులో వినిపించేది ఎస్‌డబ్ల్యూజీ, అంటే బ్రిటిష్ లెక్క. అమెరికా 12 గేజి రాగి అడ్డుకొలత సుమారు 2.05 మిల్లీమీటర్లు, ఎస్‌డబ్ల్యూజీ 12 అయితే 2.64. గేజి అంకె చెప్పకుండా 3.3 చదరపు మిల్లీమీటర్ల సిలికాన్ వైరు అని అడిగితే గొడవ ఉండదు. పాత వైరు అయితే ప్లగ్గు దగ్గర తొడుగును అర అంగుళం వెనక్కి తీసి చూడండి. లోపల రాగి నల్లబడినా, పోగులు కొన్ని తెగినా మిగిలిన పోగులే కరెంటంతా మోస్తుంటాయి. అక్కడి వరకు కత్తిరించేయాలి.

ప్లగ్గూ బాగుంది, వైరూ లావుదే, అయినా కాలుతోందంటే కారు మీద బరువు ఎక్కువైందన్నమాట. బావి దగ్గర పంపులో చెత్త ఇరుక్కుంటే మోటారు మూలిగి స్టార్టరు ఎందుకు వేడెక్కుతుందో, ఇక్కడా అంతే. మోటారును పక్కకు జరిపి చక్రాలను చేత్తో తిప్పండి. ఎక్కడైనా పట్టేస్తుంటే యాక్సిల్ చుట్టూ వెంట్రుకలో, పత్తి పోగులో, గడ్డి పరకలో చుట్టుకొని ఉంటాయి, లేదా బేరింగులో దుమ్ము చేరి ఉంటుంది. చెల్క నేలల ఎర్ర దుమ్ము చాలా సన్నం, సీల్ ఉన్న బేరింగులోకి కూడా దూరుతుంది. తర్వాత పినియన్‌కూ (మోటారు మీది చిన్న పళ్ల చక్రం) స్పర్ గేరుకూ (అది తిప్పే పెద్ద పళ్ల చక్రం) మధ్య నోటుబుక్కు కాగితం ముక్క పెట్టి మోటారు బిగించి, కాగితం బయటికి తీయండి. చిరగకుండా మడతలతో వస్తే బిగువు సరిగ్గా ఉంది. రిమోట్‌లో త్రాటిల్ ట్రిమ్ (వేగం మీట సున్నా స్థానాన్ని సరిచేసేది) కూడా చూడండి. కొద్దిగా జరిగినా బ్రేకు ఎప్పుడూ సగం పట్టే ఉంటుంది.

మూసీ ఇసుకలో, కోసిన వరి కొయ్యకాళ్ల మధ్య కారు నడపడం పిల్లలకు మహా సరదా. మోటారుకు మాత్రం అంతకంటే గడ్డు పని లేదు. చక్రాలు ఇసుకలో కూరుకుపోయి తిరుగుతుంటే కరెంటు విపరీతంగా లాగుతుంది, కారు ముందుకు కదలదు కాబట్టి గాలీ తగలదు. ఎండాకాలమంతా గట్టి నేల మీదే ఆడించండి. పినియన్ ఒకటి రెండు పళ్లు తక్కువది వేయండి. వేగం కొంచెం తగ్గుతుంది, వేడి బాగా తగ్గుతుంది. రెండు సెల్లుల బ్యాటరీ తీసి మూడు సెల్లులది పెట్టేవాళ్లు పినియన్ మార్చకుండా పెట్టకూడదు. బజారులో దొరికే చవక బొమ్మకార్లకైతే పెద్ద బ్యాటరీ అసలే వద్దు, వాటి వైర్లు దారాల్లాంటివి.

బయట 25 డిగ్రీలున్నప్పటికీ 45 ఉన్నప్పటికీ తేడా ఏమిటంటే, కారు కదలకముందే 20 డిగ్రీల వెసులుబాటు పోయినట్టే. పైగా అంత వేడికి రాగి నిరోధం దాదాపు 8 శాతం పెరుగుతుంది. పొద్దున ఎనిమిదిలోపు, సాయంత్రం ఎండ చల్లబడ్డాక ఆడించండి. ఒక బ్యాటరీ అయిపోగానే ఇంకోటి తగిలించొద్దు, మోటారును పావుగంట నీడలో వదలండి. కాలుతోంది కదా అని నీళ్లు పోయకండి.

లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీ 60 డిగ్రీలు దాటకూడదు. ఎండలో ఆపిన కారులో, స్కూటీ డిక్కీలో అది మామూలుగానే ఆ దరికి వెళ్తుంది కాబట్టి అక్కడ పెట్టి వెళ్లకండి. ఆడాక వేడి చల్లారే దాకా చార్జింగ్‌కు పెట్టొద్దు. 5000 ఎంఏహెచ్ బ్యాటరీకి 5 ఆంపియర్లు మించి చార్జింగ్ ఇవ్వొద్దు. వారం దాటి వాడకపోతే సెల్లుకు 3.8 వోల్టుల దగ్గర ఉంచండి, నిండా 4.2లో పెట్టి అటకెక్కించకండి. ఉబ్బిన బ్యాటరీని మళ్లీ వాడడం గురించి బేరమే లేదు.

చార్జింగ్ మంచం మీద, పరుపు పక్కన, గడ్డివాము దగ్గర పెట్టకండి. గచ్చు మీద, మనిషి కళ్ల ముందు ఉండాలి. పక్కన ఒక బకెట్ పొడి ఇసుక పెట్టుకోండి. బ్యాటరీ నుంచి పొగ వస్తే ఊదుతూ కూర్చోకండి, ప్లగ్గు అందితే గోడ దగ్గరే స్విచ్ ఆపి, ఇసుక కుమ్మరించి, పిల్లల్ని తీసుకొని గాలి వచ్చే వైపుకు దూరం జరగండి. ఆ పొగ పీల్చకూడదు. మంట పక్కకు పాకితే 101కు ఫోను చేయండి.