వానలు ముదరకముందే పాత డెస్క్‌టాప్‌కి చేయాల్సినవి

మన కోనసీమలోనూ, ఇటు పాలకొల్లు, నరసాపురం వైపూ పాత డెస్క్‌టాప్‌లు ఇంకా చాలానే బతికున్నాయి. పెళ్లి శుభలేఖలు వేసే డీటీపీ షాపులో అను ఫాంట్లు, పేజ్‌మేకర్ ఆడేది ఆ పాత విండోస్ ఎక్స్‌పీ మిషన్‌లోనే. రైసు మిల్లులో బిల్లులు కొట్టే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌కి వెనకాల ఆ వెడల్పాటి పోర్టు ఉన్న బోర్డే కావాలి, కొత్తవాటిల్లో అది రావడం లేదు. అందుకే "కొత్తది కొనుక్కోవచ్చుగా" అనే సలహా ఇక్కడ ఎవరికీ పనికిరాదు. జూన్‌లో ముసురు పట్టిన దగ్గర్నుంచి, గోదావరి వరద, ఆ తర్వాత అక్టోబరు నవంబరు తుపాన్లు, ఇవన్నీ దాటేదాకా ఉన్నదాన్ని కాపాడుకోవడమే మన పని.

పిడుగుకీ వరదకీ అందరూ భయపడతారు, భయపడాలి కూడా. కానీ నేను చూసినంతలో ఎక్కువ మిషన్లు పోయేది కరెంటు తిరిగొచ్చే ఆ కాసేపట్లోనే. కొబ్బరి మట్ట తీగల మీద పడుతుంది, కరెంటు పోతుంది, లైన్‌మేన్ మట్ట తీసి ఫ్యూజు వేస్తాడు, ఇంకో చోట ఇంకో మట్ట, మళ్లీ పోతుంది, మళ్లీ వస్తుంది. ఈ వచ్చీపోయే ఆటలో ఓల్టేజీ ఒకసారి 160కి దిగుతుంది, ఇంకోసారి 270కి ఎగురుతుంది. ఇంతకంటే ప్రమాదం న్యూట్రల్ తెగడం. మన ఇళ్లకి వచ్చేది ఒక ఫేజు, ఒక న్యూట్రలు, ఆ రెంటి మధ్య 230 ఓల్టులు. గాలికి స్తంభం దగ్గర న్యూట్రల్ తీగ తెగినా, జాయింటు వదులైనా, రెండు ఫేజుల మధ్య ఉండే 400 పైచిలుకు ఓల్టుల్లో పెద్ద వాటా మీ ఇంటికే తోసుకురావచ్చు. మీ ఇంట్లో బల్బులు ఎప్పుడూ లేనంత తెల్లగా మండుతూ పక్కింట్లో డిమ్ముగా ఉన్నాయంటే అనుమానించాల్సింది దీన్నే. వెంటనే మెయిన్ కట్టేసి లైన్‌మేన్‌కి ఫోన్ చేయండి. స్పైక్ గార్డు ఉందిగా అని ధీమాగా ఉండకండి, అది రెప్పపాటులో వచ్చి పోయే స్పైకుల కోసం పెట్టింది. అదేపనిగా 350 ఓల్టులు వస్తే ముందు అదే కాలిపోతుంది.

అందుకని మొట్టమొదట, విండోస్ కంటే ముందే బోర్డు చూపించే సెట్టింగుల పేజీ అయిన బయాస్‌లోకి వెళ్లండి. మిషన్ ఆన్ చేయగానే డిలీట్ కీ గానీ, కొన్నిటికి ఎఫ్2 గానీ నొక్కుతూ ఉంటే వస్తుంది. పవర్ మేనేజ్‌మెంట్ అన్న చోట 'రీస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్' అనో, దానికి దగ్గర పేరుతోనో ఒక లైను ఉంటుంది. కంపెనీని బట్టి పేరు మారుతుంది. అందులో 'ఆన్' ఉంటే కరెంటు వచ్చిన ప్రతిసారీ, 'లాస్ట్ స్టేట్' ఉంటే కరెంటు పోయేటప్పుడు మిషన్ ఆడుతూ ఉన్న ప్రతిసారీ, మీరు ఇంట్లో లేకపోయినా తనంతట తనే లేస్తుంది. రాత్రి రెండింటికి పదిసార్లు కరెంటు వచ్చిపోతే పదిసార్లు లేచి పదిసార్లు ఠపీమని పడుతుంది, పాత హార్డ్ డిస్కు దానికి తట్టుకోలేదు. దాన్ని 'ఆఫ్'లో పెట్టండి. ఎలాగూ అక్కడిదాకా వెళ్లారు కాబట్టి బయాస్‌లో ఉన్న ప్రతి పేజీనీ ఫోనుతో ఫొటో తీసుకోండి, ఎందుకో కింద చెప్తాను.

విండోస్‌లో చూడాల్సినవి తక్కువే. కంట్రోల్ పానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి స్లీప్‌ని 'నెవర్' చేయండి. స్లీప్‌లో ఉన్న డెస్క్‌టాప్ చేస్తున్న పనినంతా ర్యామ్ అనే తాత్కాలిక మెమరీలో పట్టుకుని ఉంటుంది, ర్యామ్‌కి కరెంటు ఆగితే అదంతా పోయినట్టే. హైబ్రిడ్ స్లీప్ ఉంటే డిస్కులో కూడా ఒక కాపీ రాస్తుంది కానీ ఈ సీజన్లో దాన్ని నమ్ముకోవడం దేనికి, లేచి వెళ్లేటప్పుడు షట్‌డౌన్ కొట్టేయండి. డిస్‌ప్లే మాత్రం ఐదు నిమిషాలకి ఆగేలా పెట్టుకోండి, యూపీఎస్ మీద ఉన్నప్పుడు మానిటర్ తినేది కూడా లెక్కే. విండోస్ 8, 10 ఉన్నవాళ్లు 'ఫాస్ట్ స్టార్టప్' టిక్కు తీసేయడం మంచిది, అది ఉంటే షట్‌డౌన్ పూర్తిగా జరగదు, సగం సిస్టమ్‌ని డిస్కులో దాచి పడుకుంటుంది. పాత డ్రైవర్లతో దీనివల్ల వచ్చే వింత జబ్బులు అన్నీ ఇన్నీ కావు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తోనే ఆపేసింది కాబట్టి దాని మీదే బతుకుతున్నవాళ్లు బ్యాకప్ విషయంలో ఇంకాస్త గట్టిగా ఉండాలి.

ఇక యూపీఎస్. షాపుల్లో ఎక్కువగా కనిపించే 600 వీఏ యూపీఎస్‌లో ఉండేది 12 ఓల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ, మన ఉక్కపోతకి రెండు మూడేళ్లు వచ్చిందంటే బాగా పనిచేసినట్టే. పచ్చ లైటు వెలుగుతోంది కదా అని బ్యాటరీ బాగున్నట్టు కాదు. కంప్యూటర్ తీసేసి, మూలన పడున్న పాత 100 వాట్ల ఫిలమెంట్ బల్బు ఒకటి దానికి తగిలించి, గోడ దగ్గర స్విచ్ కట్టేయండి. ఎల్ఈడీ బల్బుతో ఈ పరీక్ష కుదరదు, అది లోడే కాదు. పది నిమిషాలకి తక్కువ కాకుండా వెలిగితే ఈ ఏడాదికి సరిపోతుంది, రెండు నిమిషాలకే కీచుమని అరిచి ఆరిపోతే వానల ముందే బ్యాటరీ మార్చండి. తుపాను హెచ్చరిక వచ్చాక వెళ్తే టౌన్లో ఒక్క షాపులోనూ దొరకదు. లేజర్ ప్రింటర్‌ని మాత్రం యూపీఎస్‌కి తగిలించకండి, అది వేడెక్కేటప్పుడు లాగే కరెంటుకి చిన్న యూపీఎస్ పడిపోతుంది. ఆక్వా చెరువుల దగ్గర ఏరేటర్లు తిప్పే జనరేటర్ నుంచి వైరు లాగి కంప్యూటర్ ఆడించేవాళ్లని కూడా చూశాను. మోటార్లు ఆన్ ఆఫ్ అయినప్పుడల్లా దాని ఓల్టేజీ ఊగుతుంది, ఫోన్ ఛార్జింగ్‌తో ఆపేస్తే మంచిది.

క్యాబినెట్ వెనక చెయ్యి తగిలితే సన్నగా జిల్లుమంటోందా? చాలామంది దాన్ని అలవాటు చేసుకుని చెప్పులేసుకుని కూర్చుంటారు. అసలు సంగతేమిటంటే ఎస్ఎంపీఎస్ (గోడ కరెంటుని బోర్డుకి కావాల్సినట్టు తగ్గించి ఇచ్చే డబ్బా) లోపల నాయిస్ ఆపడానికి చిన్న కెపాసిటర్లు ఉంటాయి, అవి కొద్దిపాటి కరెంటుని ఎర్తులోకి వదలాలి. ఎర్తు లేకపోతే అది బాడీ మీదే నిలిచిపోయి 230లో సగం దాకా మీటర్లో చూపిస్తుంది. అంటే ఆ జిల్లు 'నీ ఇంట్లో ఎర్తు లేదు నాయనా' అని మిషన్ చెప్తున్న మాట. మన డెల్టాలో నాలుగడుగులు తవ్వితే నీళ్లు, ఎర్తింగ్ కుదరడం నిజానికి తేలిక. కానీ అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పు నేలల్లో జీఐ (జింకు పూత ఇనుప) తీగ, బోల్టు బిగించిన చోటు తుప్పు పట్టి పొడిపొడిగా రాలిపోతుంది, పైకి తీగ ఉన్నట్టే ఉంటుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి సాకెట్లో ఫేజుకీ ఎర్తుకీ మధ్య, న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య మీటర్ పెట్టించండి. మొదటిది 230 దగ్గర, రెండోది రెండు మూడు ఓల్టులకి మించకుండా ఉండాలి. టూ పిన్ సాకెట్లో దూరడం కోసం పైన లావు పిన్ను విరగ్గొట్టిన ప్లగ్గు కనిపిస్తే దాన్ని చెత్తబుట్టలో వేయండి.

తేమ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ముసురు పట్టాక "కంప్యూటర్ చచ్చిపోయింది" అని వచ్చేవాటిలో సగానికి ఇదే జబ్బు. పోయిన వానల్లో ఒకాయన క్యాబినెట్ బండి మీద పెట్టుకుని వచ్చి, "బోర్డు పోయిందంట, కొత్తది ఎంతవుద్ది అబ్బాయ్" అన్నాడు. ఫ్యాను తిరుగుతోంది, తెర మీద ఏమీ లేదు, ఆగి ఆగి బీప్ కొడుతోంది. ర్యామ్ కడ్డీ పీకి చూస్తే ఆ బంగారు రంగు పళ్ల మీద సన్నటి నల్లటి పొర, పక్కన స్క్రూ తలకి పచ్చగా చిలుము. పిల్లల పెన్సిల్ రబ్బరుతో ఆ పళ్లని మెల్లగా రుద్ది, రబ్బరు పొడి ఊదేసి, రెండు వైపులా క్లిప్పులు టక్కుమనేలా నొక్కితే తెర వచ్చింది. "బాబాయ్, బోర్డుకేం కాలేదు, ర్యామ్‌కి చిలుం పట్టింది" అంటే ఆయన నమ్మలేదు, ఇంకోసారి ఆపి ఆన్ చేయించుకుని గానీ కదల్లేదు. ఇది మీరు ఇంట్లో చేసుకోగలిగేదే. గోడ దగ్గర ప్లగ్గు పీకి, పవర్ బటన్ అర నిమిషం నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన ఛార్జి పోతుంది, ఆ తర్వాతే మూత తీయాలి. పదేళ్ల బోర్డు అయితే ప్రాసెసర్ చుట్టూ నిలబడి ఉన్న చిన్న డబ్బాల్లాంటి కెపాసిటర్ల తలలు ఒకసారి చూడండి. తలలు పూరీలా ఉబ్బినా గోధుమరంగు జిగురు కారినా, ఆ బోర్డు ఏ క్షణాన్నయినా ఆగిపోవచ్చు, డేటా ముందు బయటికి తీయండి.

దుమ్ము దులపడానికి టైర్ల షాపు గాలి కొట్టించకండి, కంప్రెసర్ ట్యాంకులో నీరు చేరి ఉంటుంది, ఆ నీటి తుంపర్లన్నీ బోర్డు మీదకే. చిన్న బ్లోయర్ చాలు, ఊదేటప్పుడు ఫ్యాను రెక్కని వేలితో ఆపి పట్టుకోండి. వాడని మిషన్‌ని దుప్పటి కప్పి మూల పెట్టేయడం కంటే రోజూ ఓ గంట ఆడించడం మేలు, లోపలి వేడికి తేమ పోతుంది. సాయంత్రం ఉసిళ్లు మానిటర్ వెలుగుకి వచ్చి చేరతాయి, వాటికోసం బల్లులు వస్తాయి, బల్లి ఎస్ఎంపీఎస్‌లోకి దూరితే రెండూ పోతాయి. వెనకాల స్లాట్లకి రేకు ముక్కలు ఊడిపోయి ఉంటే మళ్లీ బిగించండి, కానీ గాలి వెళ్లే జాలీని మాత్రం మూయొద్దు. ఎస్ఎంపీఎస్ డబ్బాని మీరు విప్పొద్దు, ప్లగ్గు తీసేశాక కూడా లోపల కెపాసిటర్లో 300 ఓల్టుల పైన నిలిచి ఉండొచ్చు. బాగా పాతవాటికి వెనక 115, 230 అని రాసిన ఎర్ర స్విచ్ ఉంటుంది. పిల్లలు దాన్ని కదిపారేమో చూడండి, 115 మీద పెట్టి ఆన్ చేస్తే ఢామ్మంటుంది.

బయాస్ ఫొటోలు ఎందుకన్నానంటే, బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే సీఆర్2032 అనే 3 ఓల్టుల బ్యాటరీ ఆ సెట్టింగుల్ని గుర్తుపెట్టుకుంటుంది. మామూలు రోజుల్లో గోడ కరెంటు ఉంటుంది కాబట్టి ఆ బ్యాటరీ నీరసించినా మనకి తెలియదు. తుపానులో ప్లగ్గు పీకి వారం పక్కన పెడితే అప్పుడు బయటపడుతుంది. తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కిపోతుంది, ఎఫ్1 నొక్కమంటుంది, నెట్‌లో ఏ సైటు తెరిచినా 'సురక్షితం కాదు' అని వచ్చి జీఎస్టీ పోర్టల్ కూడా తెరుచుకోదు. చాలామంది వైరస్ అనుకుని ఫార్మాట్ కొట్టిస్తారు, తప్పు గడియారానిది. ఇంకో తిరకాసు, బోర్డు డిస్కుతో మాట్లాడే పద్ధతి, అంటే హార్డ్ డిస్కు మోడ్, ఏహెచ్‌సీఐ నుంచి ఐడీఈకి మారిపోతే విండోస్ నీలి తెర వేసి ఆగుతుంది. ఫొటో చూసి పాత మోడ్ పెట్టేస్తే లేస్తుంది. తక్కువ ఖర్చుతో అయిపోయే పని కాబట్టి ఆ బిళ్లని జూన్‌లోనే మార్చేయండి.

పిడుగులకి ఒక్కటే మందు, మబ్బు కమ్మగానే, ఉరుములు మొదలవకముందే గోడ నుంచి ప్లగ్గు పీకడం. స్విచ్ కట్టేస్తే చాలదు. ప్లగ్గుతో పాటు నెట్ కేబులు కూడా పీకాలి, స్తంభాల మీదుగా వచ్చే ఆ రాగి తీగలోంచే దెబ్బ లోపలికి వస్తుంది, అప్పుడు యూపీఎస్ ఎంత మంచిదైనా ఏం లాభం. దామిని యాప్ పెట్టుకుంటే పిడుగులు పడుతున్న చోటు చూపిస్తుంది.

వరదకి మాత్రం టైము దొరుకుతుంది. భద్రాచలంలో 53 అడుగులు దాటితే మూడో హెచ్చరిక, ధవళేశ్వరం దగ్గర 17.75 అడుగులకి. 2022 జులైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటినప్పుడు లంకల్లో ఏం జరిగిందో మళ్లీ చెప్పక్కర్లేదు. లంకల్లో, ఏటిగట్టుకి లోపల ఉన్నవాళ్లు రెండో హెచ్చరికకే మిషన్ విప్పేయండి. వెనక వైర్లు ఏది ఎక్కడో ఫొటో తీసి, క్యాబినెట్‌ని అటక మీదికి చేర్చండి. పడవలో క్యాబినెట్ మోసుకెళ్లడం కుదరకపోతే రెండు కేబుళ్లు, నాలుగు స్క్రూలు విప్పి హార్డ్ డిస్కు ఒక్కటీ తీసుకుని, మెత్తటి గుడ్డ చుట్టి జిప్పు కవర్లో వేసుకోండి. పాత సాఫ్ట్‌వేర్ డాంగిల్ (లైసెన్సు కోసం మిషన్‌కి గుచ్చే చిన్న ముక్క) ఉంటే అదీ దాంతోనే. మిగతావి డబ్బు పెడితే దొరుకుతాయి.

కరెంటు వచ్చాక అరగంట ఆగి, ఫ్యాను నిలకడగా తిరుగుతోందా, మీటర్ 200కీ 250కీ మధ్య ఉందా చూసి అప్పుడు ప్లగ్గు పెట్టండి. 1996 నవంబరు 6 తుపాను చూసినవాళ్లకి కరెంటు కోసం ఎన్నాళ్లు కూర్చోవాల్సి వస్తుందో తెలుసు, దాని ముందు ఈ అరగంట ఎంత. నీళ్లు గోడ సాకెట్ దాకా వచ్చి ఉంటే ఎలక్ట్రీషియన్ చూడకుండా మెయిన్ వేయొద్దు. మిషనే మునిగితే, పైకి ఆరిపోయి కనిపించినా ఆన్ చేయకండి. హార్డ్ డిస్కు మీద 'ఈ కన్నం మూయకండి' అని ఇంగ్లీషులో రాసి ఓ సన్నటి రంధ్రం ఉంటుంది, గాలి కోసం పెట్టిన ఆ దారిలోంచే ఒండ్రు నీరు లోపలికి పోతుంది, ఆన్ చేసిన మరుక్షణం ఆ మట్టితో పళ్లేలు గీసుకుపోతాయి. ఎండలో పెట్టొద్దు, బియ్యంలో పెట్టొద్దు, ఊపి చూడొద్దు. డేటా రికవరీ చేసేవాళ్లకి అలాగే ఇచ్చి, మునిగిందన్న సంగతి దాచకుండా చెప్పండి.