కొద్దిగా వాడిన ట్రెక్కింగ్ గేర్ కొనడం, అమ్మడం ఎలా?

ట్రెక్కింగ్ చేసే చాలామంది ఇళ్లలో ఒక మూల నిండిపోయి ఉంటుంది. రెండుసార్లు మాత్రమే బయటికెళ్లిన టెంట్, నడుముకు సరిగ్గా కుదరని బ్యాక్‌ప్యాక్, ఇంకా తేలికైనది దొరికాక పక్కన పెట్టేసిన స్లీపింగ్ బ్యాగ్ అక్కడే పడి ఉంటాయి. మరోపక్క, మొదటి ట్రెక్‌కి సిద్ధమవుతున్నవాళ్లు కొత్తవాటి ధరలు చూసి వెనక్కి తగ్గుతుంటారు. వీళ్లిద్దరూ కలిస్తే ఇద్దరికీ మేలే. అయితే పాత కుర్చీ కొన్నంత తేలిగ్గా దీన్ని తీసుకోకూడదు. కుర్చీ విరిగితే కింద కూర్చోవచ్చు. రోడ్డుకి ఒక రోజు నడక దూరంలో, వాన కురిసే రాత్రి టెంట్ కారితే ఎక్కడికీ వెళ్లలేం.

నేను మొదట కొన్న సెకండ్‌హ్యాండ్ టెంట్ ఫొటోల్లో కొత్తదానిలాగే ఉంది. అమ్మినాయన రెండుసార్లే వాడానన్నారు, అది నిజమే. కానీ రెండోసారి వాడాక తడి ఆరకుండానే మడిచి, ఏళ్ల తరబడి అలాగే వదిలేశారు. ఇంటికొచ్చాక విప్పితే లోపలి పూత చేతికి జిగురుగా అంటుకుంది, వాంతి లాంటి వాసన వచ్చింది. అప్పటినుంచి నేను ఎవర్నైనా మొదట అడిగేది ఒకటే: వాడని రోజుల్లో దీన్ని ఎలా దాచారు?

1. ఏవి కొనకూడదో ముందే అనుకోండి

తాళ్లు, హార్నెస్, హెల్మెట్ లాంటి ప్రాణం ఆధారపడే క్లైంబింగ్ సామాను తెలియనివాళ్ల దగ్గర కొనొద్దు. వాటికి జరిగిన నష్టం కంటికి కనిపించదు. వాటర్ ఫిల్టర్ కూడా అంతే. సన్నని గొట్టాలుండే ఫిల్టర్ ఒకసారి తడిశాక గడ్డకడితే, లోపలి గొట్టాలు చిట్లుతాయి. అయినా నీళ్లు మామూలుగానే వస్తుంటాయి, క్రిములు మాత్రం ఆగవు. ఫిల్టర్ కొత్తదే కొనండి.

బూట్లు నా లెక్కలో ఈ జాబితాకి దగ్గర్లోనే ఉంటాయి. పాలీయురేతేన్ మిడ్‌సోల్ (అట్టకి పైన ఉండే మెత్తని పొర) ఉన్న బూట్లు పెట్టెలోంచి తీయకపోయినా, గాలిలోని తేమకు ఏళ్లు గడిచేసరికి లోపల పొడిపొడి అయిపోతాయి. చూడ్డానికి మెరుస్తూనే ఉంటాయి, కొండ ఎక్కుతుండగా అట్ట ఊడిపోతుంది. ఎప్పుడు కొన్నారో బిల్లుతో సహా చెప్పగలిగితేనే ఆలోచించండి.

2. వస్తువును బట్టి పరీక్షించండి

టెంట్‌ను మడతలో ఉండగా చూసి కొనొద్దు. వేసి చూపించమనండి. దూరంలో ఉన్నవాళ్లైతే వీడియో కాల్‌లో చూపించమనొచ్చు. లోపలి పూతను వేలితో రుద్దితే జిగురు తగులుతోందా, పొరలుగా రాలుతోందా, వాసన వస్తోందా? పాలీయురేతేన్ పూత తేమకు ఇలాగే పాడవుతుంది, దాన్ని బాగుచేయడం దండగ. రెండు వైపులా సిలికాన్ పూత ఉన్న బట్టకు ఈ జబ్బు రాదు. కుట్లమీద అంటించిన టేపు లేస్తే మాత్రం కంగారుపడక్కర్లేదు, సీమ్ సీలర్‌తో, అంటే కుట్ల మీద రాసే జిగురుతో, మళ్లీ మూసుకోవచ్చు. ఎండలో ఎక్కువ రోజులు వేసి ఉంచిన టెంట్ రంగు వెలుస్తుంది, బట్ట బలం కూడా తగ్గుతుంది. రంగు పోయిన భాగాన్ని రెండు చేతులతో మెల్లగా లాగి చూడండి. పోల్స్ లోపలి సాగే తాడు వదులైతే మార్చుకోవచ్చు. జిప్ పళ్లు సరిగా కలవకపోతే చాలాసార్లు తప్పు స్లైడర్‌దే, అది తక్కువ ఖర్చుతో పోతుంది. పళ్లే ఊడిపోయి ఉంటే ధర బాగా తగ్గించమనాలి, లేదా వదిలేయాలి.

స్లీపింగ్ బ్యాగ్‌లో డౌన్ ఉంటే, అంటే నీటిపక్షుల మెత్తని నూగు ఉంటే, దాన్ని చిన్న సంచిలో కుక్కి నెలల తరబడి ఉంచారా అని అడగండి. అలా ఉంచితే నూగు మళ్లీ పూర్తిగా విచ్చుకోదు, వెచ్చదనం తగ్గుతుంది. పరిచి ఒక గంట వదిలేసి, ఎంత ఎత్తుగా పొంగిందో స్కేలు పక్కన పెట్టి ఫొటో తీసి పంపమనండి. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే నూగు ఎక్కడ ఉండకట్టిందో, ఎక్కడ ఖాళీ అయిందో తెలిసిపోతుంది. ఉండలు ఒంటి జిడ్డు వల్లనైతే ఉతికితే విడిపోతాయి. బ్యాగ్ మీద రాసిన ఉష్ణోగ్రత ‘కంఫర్ట్’దా, ‘లిమిట్’దా అని కూడా కనుక్కోండి. కంఫర్ట్ అంటే హాయిగా నిద్రపట్టే చలి, లిమిట్ అంటే ముడుచుకుని ఎలాగోలా ఓర్చుకునే చలి. ఈ రెండింటికీ కొన్ని డిగ్రీల తేడా ఉంటుంది. చలికి త్వరగా వణికేవాళ్లు కంఫర్ట్ అంకెనే చూసుకోవాలి.

గాలి నింపే స్లీపింగ్ ప్యాడ్‌ను రాత్రంతా నింపి ఉంచి, పైన కొంచెం బరువు పెట్టి, పొద్దున చూడాలి. చిన్న రంధ్రమైతే నీళ్లలో ముంచితే బుడగలు కనిపిస్తాయి, ప్యాచ్ వేస్తే సరిపోతుంది. లోపలి అరల గోడలు విడిపోయి ఒకచోట బుంగలా ఉబ్బితే మాత్రం ఇంట్లో అతికేది కాదు. ఇంకొకటి: ప్యాడ్ వెచ్చదనాన్ని చెప్పే ఆర్-వాల్యూకి అందరూ పాటించే ఒకే పరీక్ష 2020 ప్రాంతంలోనే వాడుకలోకి వచ్చింది. అంతకుముందు ప్యాడ్ మీద వేసిన అంకెను ఇప్పటి అంకెతో పోల్చకండి.

రెయిన్ జాకెట్ మీద నీళ్లు జారకుండా ఇంకిపోతుంటే, ఉతికి మళ్లీ పూత వేసుకోవచ్చు. లోపలి పొర బుడగలుగా లేచిందంటే దాని పని అయిపోయినట్టే.

బ్యాక్‌ప్యాక్ కొనేటప్పుడు మీ ఎత్తు లెక్కలోకి రాదు, వెన్ను పొడవు కావాలి. తల వంచితే మెడ కింద తగిలే ఎముక నుంచి, తుంటి ఎముకల పైఅంచు దాకా టేపుతో కొలవమని ఇంట్లో ఎవరినైనా అడగండి. ఆ కొలత తెలియకుండా ఎంత చవగ్గా వచ్చినా కొనొద్దు, మళ్లీ మీరే అమ్ముకోవాల్సి వస్తుంది.

గ్యాస్ స్టవ్‌కి రబ్బరు రింగు పగిలిందేమో చూడండి. ఆరుబయట డబ్బాకి బిగించి, అతుకు దగ్గర సబ్బునీళ్లు రాస్తే లీకు ఉన్నదీ లేనిదీ తేలిపోతుంది. హెడ్‌ల్యాంప్‌లో బ్యాటరీలు వదిలేసి దాచి ఉంటే అవి కారి లోపల తుప్పు పడుతుంది, మూత తీసి చూడండి.

3. ధర కట్టండి

ఎప్పుడో ముద్రించిన ధరను పట్టుకోకండి. అదే వస్తువు ఈరోజు కొత్తది తగ్గింపులో ఎంతకు దొరుకుతుందో అదే మీ కొలబద్ద. శుభ్రంగా, లోపం లేకుండా, అయిదారు రాత్రులు వాడినదైతే అందులో అరవై నుంచి డెబ్బై శాతం న్యాయంగా ఉంటుందని నా అభిప్రాయం. లోపం ఉంటే బాగుచేయడానికయ్యే ఖర్చుతో పాటు ఆ శ్రమకీ కొంత తగ్గించాలి. చాలా కంపెనీల వారంటీ మొదట కొన్నవాళ్లకే వర్తిస్తుంది, దాన్ని ధరలో కలపొద్దు.

4. అమ్మేటప్పుడు ముందుగా శుభ్రం చేయండి

టెంట్‌ని గోరువెచ్చని నీళ్లలో చేత్తో కడిగి, నీడలో పూర్తిగా ఆరబెట్టండి. డౌన్ బ్యాగ్‌కి దానికోసం చేసిన సబ్బే వాడాలి. తడిసిన బ్యాగ్‌ను ఒక చివర పట్టుకుని ఎత్తితే నూగు బరువుకి లోపలి గోడలు చినుగుతాయి, రెండు చేతులతో కింద నుంచి పట్టి లేపండి. డ్రయ్యర్‌లో తక్కువ వేడి మీద, రెండు టెన్నిస్ బంతులు వేసి తిప్పితే ఉండలు విడిపోతాయి. గంటలు పడుతుంది, ఓపిక పట్టండి.

తర్వాత వంటింటి త్రాసు మీద తూకం వేసి ఆ అంకె రాయండి. నడిచేవాళ్లకి గ్రాముల లెక్క ముఖ్యం, కంపెనీ చెప్పిన బరువు చాలాసార్లు కలవదు. ఫొటోలు పగటి వెలుతురులో తీయండి. చిరుగు, మరక, ప్యాచ్ ఏది ఉన్నా దగ్గరగా తీసి ముందే పెట్టండి. రాయాల్సింది కూడా ఎక్కువేం లేదు:

“ఇద్దరు పట్టే టెంట్. 2022లో కొత్తది కొన్నాను, ఏడు రాత్రులు వాడాను. ప్రతిసారీ ఆరబెట్టి, వదులుగా సంచిలో పెట్టి, పొడి అల్మారాలో ఉంచాను. మేకులతో కలిపి 1,780 గ్రాములు. తలుపు దగ్గర 2 సెంటీమీటర్ల చిరుగుకి ప్యాచ్ వేశాను, ఫొటోలో చూడండి. ఒక మేకు తక్కువ.”

ఇలా రాసినవాళ్ల దగ్గర నేను బేరమాడను.

5. డబ్బు, పార్శిల్

దగ్గర్లో ఉంటే పగటిపూట, జనం తిరిగే చోట కలవండి. దూరమైతే, వస్తువు పక్కన అమ్మేవాళ్ల పేరు, ఆనాటి తేదీ చేత్తో రాసిన కాగితం పెట్టి కొత్త ఫొటో అడగండి. నిజంగా వస్తువు ఉన్నవాళ్లకి అది నిమిషం పని. కొనేవాళ్లకు రక్షణ ఉన్న పద్ధతిలోనే డబ్బు పంపండి. ఉదాహరణకి పేపాల్‌లో ‘ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ’ కింద పంపితే ఆ రక్షణ ఉండదు, అలాగే పంపమని పట్టుబడితే బేరం ఆపేయండి.

అమ్మేవాళ్లు ట్రాకింగ్ ఉన్న పార్శిల్‌లోనే పంపాలి. పోల్స్‌ని అట్టపెట్టెలో పెట్టి చుట్టూ మెత్తగా నింపండి. గ్యాస్ డబ్బాను మాత్రం మామూలు పార్శిల్‌లో పెట్టకూడదు, స్టవ్‌ను విడిగా పంపండి.

6. అందిన రోజే విప్పండి

ట్రెక్ ముందు రోజు దాకా ఆగొద్దు. పార్శిల్ విప్పుతూ వీడియో తీయండి. టెంట్ వేసి గొట్టంతో నీళ్లు కొట్టి లోపల తడి వస్తుందేమో చూడండి, ప్యాడ్ మీద ఒక రాత్రి ఇంట్లోనే పడుకోండి. ఏదైనా తేడా ఉంటే రెండు రోజుల్లోపు ఫొటోతో సహా అమ్మినవాళ్లకి మర్యాదగా చెప్పండి. అంతా బాగుంటే ఆ మాట కూడా చెప్పండి, వాళ్లూ టెన్షన్‌తో ఎదురుచూస్తుంటారు. ఆ తర్వాత టెంట్‌ని బాగా ఆరబెట్టి, వదులుగా మడిచి లోపల పెట్టండి.