పాత రోడ్ సైకిల్ కొనేముందు

తిరుపతిలో ఎవరైనా పాత స్టీల్ రేసింగ్ సైకిల్ అమ్ముతున్నారంటే నేను ముందు రంగు చూడను. హ్యాండిల్ వెనక, కింది గొట్టం మొదలయ్యే చోట అడుగువైపు వేలితో తడుముతాను. ఉబ్బో ముడతో తగిలిందంటే ఎదురుగా దేన్నో గుద్దిన బండి. ఉచితంగా ఇచ్చినా వద్దు!

సీటు పోస్ట్ (సీటును మోసే కడ్డీ) కదలాలి. తుప్పుతో బిగుసుకుంటే తీయడం నరకం. బయటికొస్తే దాని మీది అంకె చదవండి. 27.2 మిల్లీమీటర్లయితే చాలావరకు పల్చని, మంచి గొట్టాలే. 'రెనాల్డ్స్ 531' (పేరున్న స్టీల్ గొట్టాల రకం) స్టిక్కర్ ఒక్కటే చూసి నమ్మకండి, ఎవరైనా అంటించొచ్చు.

టైరు పక్కన 630 (టైరు కూర్చునే రిమ్ వ్యాసం, మిల్లీమీటర్లలో) అని ఉంటే పాత 27 అంగుళాల చక్రం. ఇప్పటి 622 టైరు దానికి సరిపోదు.

బ్రేకు రబ్బర్లు, కేబుళ్లు చవకే, అవి పాడైనా పట్టించుకోకండి. అలిపిరి వైపు ఎత్తులో నిలబడి తొక్కండి. గొలుసు జారితే ఫ్రీవీల్ (వెనక పళ్ల చక్రాలు), గొలుసు అరిగినట్టే, వాటి ఖర్చు ధరలో తగ్గించమనండి.