1834కు ముందు అమెరికా బంగారు నాణేన్ని గుర్తించడం ఎలా? తేదీ చివర చూడండి

నాణెం చేతికి రాగానే తేదీ చదవడం, ఆ తేదీకి పట్టికలో ఉన్న ధర చూసుకోవడం. చాలామంది అంతటితో పని అయిపోయిందనుకుంటారు. 1795 నుంచి 1834 దాకా ఫిలడెల్ఫియా టంకశాలలో తయారైన బంగారు నాణేల విషయంలో ఇది నేరుగా తప్పుదారి పట్టిస్తుంది. వీటిని చదవాల్సిన వరుస వేరు: ముందు తూకం, తర్వాత బొరుసు, తర్వాత నక్షత్రాలు, అన్నిటికన్నా చివర తేదీ.

1. సరంజామా

గ్రాములో వందో వంతు చూపే తూకం, 10 రెట్లు పెంచే భూతద్దం, ప్లాస్టిక్ కాలిపర్, ఒకే బల్బున్న టేబుల్ ల్యాంప్, పరవడానికి మెత్తని గుడ్డ ఉంటే చాలు. మైక్రోస్కోపు వద్దు. దానిలో ప్రతి గీతా పెద్ద లోపంలా కనిపించి బుర్ర తినేస్తుంది. నాణేన్ని అంచులు పట్టుకునే ఎత్తండి. నగలకు చేసినట్టు కుంకుడు రసంలో నానబెట్టి బ్రష్‌తో తోమడం, గీటురాయి మీద గీయడం ఈ నాణేల విషయంలో నేరంతో సమానం. పోయిన పైపొర మళ్లీ రాదు.

2. తూకం, కొలత

10 డాలర్ల ఈగిల్ 17.50 గ్రాములు, 33 మిల్లీమీటర్లు. 5 డాలర్ల హాఫ్ ఈగిల్ 8.75 గ్రాములు, 25 మిల్లీమీటర్లు. రెండున్నర డాలర్ల క్వార్టర్ ఈగిల్ 4.37 గ్రాములు, 20 మిల్లీమీటర్లు. క్వార్టర్ ఈగిల్ 1821 నుంచి, హాఫ్ ఈగిల్ 1829 నుంచి వ్యాసంలో కొంచెం చిన్నవయ్యాయి కానీ బరువు మారలేదు. 1792 చట్టం ప్రకారం 12 భాగాల్లో 11 బంగారం, మిగతాది వెండి, రాగి. అంటే మన దుకాణాల్లో 916 ముద్ర వేసే 22 క్యారెట్లే. అరుగుదల వల్ల బరువు కాస్త తగ్గొచ్చు. చెప్పుకోదగ్గంత ఎక్కువ తూగితే మాత్రం అక్కడే ఆగిపోండి.

3. బొరుసు చూడండి

రెండే ప్రశ్నలు. గద్ద ముక్కున దండ పట్టుకుని తాటాకు లాంటి కొమ్మ మీద నిలబడిందా? అది చెక్కుడు పనివాడు రాబర్ట్ స్కాట్ మొదటి డిజైన్, ‘చిన్న గద్ద’. రొమ్ముపై డాలు, తలపైన మబ్బులూ నక్షత్రాలూ, ముక్కున ఇ ప్లూరిబస్ ఊనమ్ అన్న లాటిన్ నినాదం ఉన్న పట్టీ ఉంటే అది దేశ రాజముద్ర నమూనాగా చేసిన ‘పెద్ద గద్ద’. క్వార్టర్ ఈగిల్ 1796లో మొదలైనప్పటి నుంచే పెద్ద గద్ద. ఈగిల్‌కు అది 1797లో వచ్చింది. బాణాలు ఏ కాలిలో ఉన్నాయో కూడా చూడండి. స్కాట్ పెద్ద గద్దలో బాణాలు, ఆలివ్ కొమ్మ రాజముద్రలో ఉన్న దానికి తారుమారుగా ఉంటాయి. 1807లో టంకశాలలోని మరో చెక్కుడు పనివాడు జాన్ రైక్ హాఫ్ ఈగిల్ డిజైన్ మార్చినప్పుడు అవి సరైన కాళ్లకు చేరాయి.

విలువ రాసి ఉందా అనేది కూడా ఇక్కడే తేలుతుంది. స్కాట్ బంగారు నాణేల మీద ఎక్కడా డాలర్ల సంఖ్య లేదు. అందుకే క్వార్టర్ ఈగిల్ బొరుసు అచ్చులు కొన్ని వెండి డైమ్‌లకూ (10 సెంట్ల నాణేలకూ) వాడుకున్నారు. బంగారు నాణేల మీద విలువ రాయడం రైక్ డిజైన్లతోనే మొదలైంది.

4. నక్షత్రాలు లెక్కపెట్టండి

మొత్తం ఎన్నో చెప్తే సరిపోదు. బొమ్మ వైపు ఎడమన ఎన్ని, కుడిన ఎన్ని అని విడివిడిగా రాసుకోండి. 1795 ఈగిల్ మీద 10, 5. 1796 జూన్‌లో టెనెసీ పదహారో రాష్ట్రంగా చేరడంతో ఆ ఏటి ఈగిల్ మీద 8, 8. 1797లో చిన్న గద్దకు 12, 4, పెద్ద గద్దకు 10, 6. రాష్ట్రం చేరినప్పుడల్లా నక్షత్రం పెంచుతూ పోతే చోటు చాలదని 13కు తగ్గించేశారు. 1796 క్వార్టర్ ఈగిల్ తొలి రకంలో బొమ్మ వైపు నక్షత్రాలే లేవు. అవి 963 మాత్రమే వచ్చాయి.

5. ఇప్పుడు తేదీ: అసలు చిక్కు ఇక్కడే

ఉక్కు అచ్చు చెక్కి గట్టిపరచడం ఖరీదైన పని. బాగున్న అచ్చును తేదీ పాతదైందని పారేసేవారు కాదు. అందుకే తేదీకీ, నాణెం నిజంగా అచ్చైన సంవత్సరానికీ పొంతన ఉండాలని లేదు. 1795 తేదీతో పెద్ద గద్ద ఉన్న హాఫ్ ఈగిల్ దొరుకుతుంది. అది 1795లో చేసింది కాదు, కొన్నేళ్ల తర్వాత పాత బొమ్మ అచ్చుకు కొత్త బొరుసు జత చేసి కొట్టింది. దానికి ఎదురుగా, 1798 తేదీతో చిన్న గద్ద ఉన్న హాఫ్ ఈగిళ్లు పదికి లోపే మిగిలాయి. తేదీ మాత్రమే చదివినవాడు ఈ రెండింటినీ మామూలు నాణేలుగా దాటేస్తాడు.

తేదీ అంకెలను ల్యాంప్ పక్కవాటంగా పడేలా తిప్పుతూ చూడండి. పాత అంకె మీద కొత్తది కొట్టిన ఆనవాళ్లు నీడలోనే పైకి తేలతాయి. 1802 హాఫ్ ఈగిళ్లన్నీ 2 కింద 1 ఉన్నవే. 1803వన్నీ 3 కింద 2 ఉన్నవే. అరుగుదల లేని 1803 నాణెం మీద కింది అంకె జాడే లేకపోతే అనుమానించండి.

1804 ఈగిల్‌ను మరీ జాగ్రత్తగా చూడాలి. 4 అడ్డగీత చివర చిన్న నిలువు కొమ్ము ఉంటే అసలైన 1804 నాణెం. కొమ్ము లేని సాదా 4 ఉన్నవి దౌత్య కానుకల కోసం 1830లలో మళ్లీ కొట్టినవి. తేదీ ఒకటే, మధ్య ముప్పై ఏళ్లు.

తేదీతో మొదలుపెట్టేవాళ్లకు మనసు ముందే ఒక రకాన్ని ఖాయం చేసేస్తుంది. ఆ తర్వాత నక్షత్రాలు లెక్కపెట్టినా దానికి తగ్గట్టే కనిపిస్తాయి. బొరుసు, నక్షత్రాలు కాగితం మీద రాసేదాకా తేదీపై వేలు అడ్డం పెట్టుకోండి. ఇది ఐచ్ఛికం కాదు.

6. 1834 గీత

చట్టం ప్రకారం ఒక వంతు బంగారం విలువ 15 వంతుల వెండితో సమానం. యూరప్ మార్కెట్లో బంగారానికి అంతకన్నా ఎక్కువ పలికేది. దాంతో నాణేలు ఓడలెక్కి కరిగిపోయాయి. 1822లో 17,796 హాఫ్ ఈగిళ్లు తయారైనట్టు లెక్క. ఇప్పుడు తెలిసినవి మూడే. 1834 ఆగస్టు నుంచి హాఫ్ ఈగిల్ బరువు 8.36 గ్రాములకు తగ్గించి, తేడా తెలియడానికి బొరుసు నుంచి ఇ ప్లూరిబస్ ఊనమ్ తీసేశారు. 1834 తేదీ ఉన్న నాణెం మీద ఆ పట్టీ ఉంటే పాతది, లేకపోతే కొత్తది.

7. గీతలూ అతుకులూ

వెంట్రుకల దగ్గరో అంచునో సమాంతర గీతలు కనిపిస్తే కంగారు పడొద్దు. ఎక్కువ బరువున్న బిళ్లను అచ్చు కొట్టకముందే ఆకురాయితో గీకి సరిచేసేవారు. ఆ గీతలు డిజైన్ కిందికి జారినట్టు, చదునుగా ఉంటాయి. తర్వాత పడ్డ గీత డిజైన్‌ను కోసుకుంటూ పోతుంది, దాని ఒడ్డున లోహం లేచి ఉంటుంది.

చివరగా అంచంతా తిప్పి చూడండి. కాసులపేరులో కాసుకు కొక్కెం అతికినట్టే, ఈ నాణేలు కూడా చాలా లాకెట్లయ్యాయి. తల పైభాగాన అంచు గాడులు మసకబారడం, అక్కడ రంగు మారడం, పక్కనున్న అక్షరాలు మెత్తబడటం అతుకు తీసేసిన గుర్తులు. నాణేలను పరీక్షించే సర్టిఫికేషన్ సంస్థలు ఇలాంటివాటికి నాణ్యత చెప్పే గ్రేడు అంకె ఇవ్వకుండా లోపం పేరే రాస్తాయి. కొనే ముందే అమ్మేవారిని ఆ అంచు ఫొటో అడగండి.