పిల్లలతో తుంగనాథ్ కొండకు: వరంగల్ నుంచి బయలుదేరేవారి కోసం

వరంగల్ సముద్రమట్టానికి 300 మీటర్ల ఎత్తు కూడా లేని ఊరు. మే నెల ఎండలో ఇక్కడి నుంచి పిల్లలను తీసుకొని మంచుకొండలకు పోవాలనిపించడం సహజమే గానీ, అక్కడ వాళ్లను ఇబ్బంది పెట్టేది కాళ్ల నొప్పుల కంటే ఎక్కువగా పలచబడిన గాలి. కాబట్టి ఏ రోజు ఎక్కడ ఆగాలన్నది కిలోమీటర్లను చూసి కాక, ఎత్తును చూసి నిర్ణయించుకోవాలి.

ఏడెనిమిదేళ్లు దాటిన పిల్లలున్న కుటుంబానికి మొదటిసారిగా ఉత్తరాఖండ్‌లోని చోప్తా–తుంగనాథ్ దారినే నేను సూచిస్తాను. దారంతా రాళ్లు పరిచి ఉంటుంది, మధ్యలో టీ కొట్లుంటాయి, వద్దనుకుంటే ఏ మలుపు దగ్గరనైనా వెనక్కి తిరగవచ్చు. చోప్తా ఎత్తు సుమారు 2,680 మీటర్లు. పంచకేదారాలనే ఐదు శివాలయాల్లో ఒకటైన తుంగనాథ్ ఆలయం సుమారు 3,680 మీటర్ల ఎత్తున ఉంది. అంటే నాలుగు కిలోమీటర్ల లోపు నడకలోనే 1,000 మీటర్లు ఎక్కుతాము. అడవి ఆగిపోయిన తరువాత వచ్చే పచ్చిక మైదానాలను అక్కడివారు బుగ్యాల్ అంటారు. పిల్లలకు ఆలయం కంటే అవే ఎక్కువ నచ్చుతాయి.

మన బడులు జూన్ రెండో వారంలో తెరుస్తారు, ఆ నెలాఖరుకు అక్కడ వానలు పడి కొండచరియలు విరగడం మొదలవుతుంది. కనుక మే రెండో వారం నుంచి జూన్ మొదటి వారం వరకు అనుకూలమైన కాలం. చలికాలమంతా ఆలయం మూసి ఉంటుంది. తెరిచే తేదీని ఏటా ప్రకటిస్తారు కాబట్టి దానిని చూసుకొని రైలు టికెట్లు తీసుకోవాలి.

కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఢిల్లీ చేరి, అక్కడి నుంచి రిషికేశ్ మీదుగా పోవాలి. రిషికేశ్ దాటాక ఘాట్ రోడ్డు మలుపులకు పిల్లలు వాంతులు చేసుకోవడం మామూలే. ఉదయం కడుపు నిండా పూరీలు పెట్టకుండా ఉంటే కొంత నయం. మొదటి రాత్రి 1,300 మీటర్ల ఎత్తున ఉన్న ఊఖీమఠ్‌లో, రెండో రాత్రి 2,000 మీటర్ల దగ్గరి సారీ గ్రామంలో గడపాలి. మూడో రోజు ఉదయం సారీ నుంచి దేవరియా తాల్ చెరువు దాకా నడిచి రావడం అసలు ఎక్కుడుకు సాధన అవుతుంది. ఆకాశం తేటగా ఉంటే 7,138 మీటర్ల చౌఖంబా శిఖరం ఆ నీళ్లలో కనిపిస్తుంది. తరువాతి రెండు రాత్రులు చోప్తాలో ఉండి, మధ్యలోని ఉదయం తుంగనాథ్ ఎక్కి అదే రోజు దిగిరావాలి.

తుంగనాథ్ దగ్గర గాలి పీడనం సముద్రమట్టంలో ఉండే దానిలో మూడింట రెండు వంతులే. తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం ముందుగా కనిపించే లక్షణాలు. చిన్నపిల్లలు వీటిని నోటితో చెప్పలేరు, చిరాకు పడతారు, ఆట మానేస్తారు. మా చిన్నవాడు బిస్కెట్ పొట్లం కోసం అక్కతో కొట్లాడే రకం. రెండో టీ కొట్టు దగ్గర తన వంతు బిస్కెట్‌ను తానే అక్క చేతిలో పెట్టి బండ మీద పడుకున్నాడు. ఆలయం ఇంకా గంట దూరం ఉందనగా దిగిపోయాము. చోప్తా చేరేసరికి మ్యాగీ అడిగాడు. ఇటువంటప్పుడు మాత్ర వేసి ముందుకు నడిపించకూడదు. కిందికి దిగడమే మందు. గుర్రం మీద ఎక్కిస్తే సరిపోతుందని అక్కడ చాలామంది చెబుతారు గానీ, గుర్రం మోసేది కాళ్ల బరువునే, ఎత్తుకు అలవాటు పడవలసింది పిల్లవాడి ఒళ్లే.

బూట్లు నెల ముందే కొని, వాటితోనే పద్మాక్షి గుట్టను, గోవిందరాజుల గుట్టను వారానికి రెండుసార్లు ఎక్కించి దింపాలి. మా అమ్మాయికి కొత్తవి వేసి తీసుకుపోయిన ఫలితంగా దేవరియా తాల్ దిగుతుండగానే మడమ మీద రూపాయి బిళ్లంత బొబ్బ లేచింది. నూలు బనియన్లు చెమటకు తడిసి ఒంటికి చల్లగా అంటుకుంటాయి. లోపల బడి ఆటల జెర్సీలు, పైన స్వెటర్, దాని మీద రెయిన్‌కోటు వేయడం మేలు. మే నెలలో వరంగల్‌లో స్వెటర్లు వెతకడం కష్టం కాబట్టి చలికాలంలోనే కొని పెట్టుకోవాలి. వీపున మోసే పసివాడు కదలడు గనుక, మోసే తండ్రికి చెమట పడుతున్నా వాడు వణుకుతుంటాడు. వాడి చేతులను తరచూ తాకి చూడాలి.

చోప్తాలో నీళ్లు 91 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, కుక్కర్ లేకపోతే పప్పు ఉడకదు. సకినాలు, పల్లీపట్టీలు, పుట్నాలు, కొంచెం మామిడికాయ తొక్కు వెంట ఉంటే అన్నం సరిగా లేని పూట గడిచిపోతుంది. చలిలో దాహం తెలియదు, ప్రతి అరగంటకు నీళ్లు తాగించాలి.

మధ్యాహ్నానికి మబ్బులు కమ్మి వడగళ్లు, పిడుగులు పడవచ్చు కాబట్టి ఉదయం ఆరింటికే నడక మొదలుపెట్టి, ఎక్కడున్నా పన్నెండింటికి వెనుదిరగాలి. ప్రతి పిల్లకు మెడలో ఈల వేసి, దారి తప్పితే ఉన్నచోటే నిలబడి మూడుసార్లు ఊదాలని ముందే నేర్పాలి. దిగేటప్పుడు పిల్లలు పరుగు తీస్తారు, అందువల్ల ఒక పెద్దవారు అందరికంటే ముందు నడవాలి.