మిణుకుమంటే చుక్క, నిలకడగా ఉంటే గ్రహం

డాబా మీద పడుకున్నప్పుడు కనిపించేది నక్షత్రమో గ్రహమో తెలియాలంటే యాప్ అక్కర్లేదు, మిణుకు చూస్తే చాలు. నక్షత్రాలు ఎంతో దూరంలో ఉండటంతో మన కంటికి ఒక్క బిందువే. చల్లటి, వేడి గాలి పొరలు కదులుతూ ఆ సన్నటి వెలుగును అటూ ఇటూ వంచేస్తాయి, అందుకే మిణుకు. శుక్రుడు, గురుడు చిన్న బిళ్లల్లాంటివి. బిళ్లలో ఒకచోట వెలుగు తగ్గితే ఇంకోచోట పెరుగుతుంది, మొత్తమ్మీద నిలకడగా ఉంటుంది.

ఒక్క జాగ్రత్త. దిగంతానికి దగ్గరగా ఉంటే గ్రహాలూ మిణుకుమనొచ్చు. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే అది ఆకాశంలో సుమారు 10 డిగ్రీల మేర కప్పుతుంది. దిగంతం నుంచి మూడు పిడికిళ్ల ఎత్తులో కూడా వెలుగు దాటే గాలి నడినెత్తిన ఉన్నదానికి రెట్టింపు! అంతకంటే పైకొచ్చాక చూడండి.

చలికాలం రాత్రి ఆగ్నేయంలో ఎరుపు, నీలం, ఆకుపచ్చ మెరుస్తూ కనిపించేది డ్రోన్ కాదు, సిరియస్ అనే నక్షత్రం. (మా ఇంట్లో ఏటా ఇదే గొడవ.) టెలిస్కోప్ ఉంటే పగలంతా కాగిన స్లాబ్ చల్లబడ్డాకే పెట్టండి, లేకపోతే ఆ వేడిగాలికి బొమ్మ వణుకుతుంది.