టైలర్ కంటితో ఫైనల్ కలెక్షన్‌కి మార్కులు వేయడం

మా నాన్నగారికి తెనాలిలో టైలరింగ్ షాపు ఉండేది. కాజాలు కుట్టడంతో మొదలుపెట్టి, పదహారేళ్లు వచ్చేసరికి క్రాస్ కటింగ్ బ్లౌజు సొంతంగా కత్తిరించే దాకా అక్కడే నేర్చుకున్నాను. పెళ్లయ్యాక న్యూజెర్సీ వచ్చాను. ఎడిసన్‌లో మా ఇంటి బేస్‌మెంట్‌లో రెండు మిషన్లు, పోగులు ఊడకుండా అంచు కుట్టే ఓవర్‌లాక్ ఒకటి పెట్టుకుని బ్లౌజులు, లంగాలు కుడతాను, ఆల్టరేషన్లు చేస్తాను. అమెరికా టీవీలో వచ్చే ఫ్యాషన్ డిజైనర్ల పోటీ ‘ప్రాజెక్ట్ రన్‌వే’ 2004 డిసెంబరులో మొదలైనప్పటి నుంచి చూస్తున్నాను. ఫైనల్ వచ్చిందంటే ఐదారుగురం మా హాల్లో చేరి, టీవీలో జడ్జిలు తేల్చకముందే మా మార్కులు మేం వేసేస్తాం. కొత్తగా వచ్చినవాళ్లు ప్రతిసారీ ఒకటే అడుగుతారు: “వదినా, నాకు అన్నీ బాగానే కనిపిస్తున్నాయి, దేనికి ఎన్ని వెయ్యాలి?” ఇది వాళ్ల కోసం రాస్తున్నాను.

చూడనివాళ్లకి ముందు ఒక మాట. ఈ షోలో వారానికో పోటీ, వారానికొకరు ఇంటికి. చివర మిగిలిన ముగ్గురు నలుగురికి డబ్బిచ్చి, కొన్ని వారాల గడువిచ్చి పంపిస్తారు. దాంతో పది పన్నెండు డ్రెస్సులు తయారుచెయ్యాలి, వాటన్నిటినీ కలిపే కలెక్షన్ అంటారు. ఎక్కువ సీజన్లలో దాన్ని న్యూయార్క్ ఫ్యాషన్ వీక్‌లో చూపించేవారు. మొదట్లో బ్రయంట్ పార్క్ టెంట్లలో జరిగేది, 2010లో లింకన్ సెంటర్‌కి మారింది. మొదటి పది సీజన్లలో మోడల్ హైడీ క్లమ్, డిజైనర్ మైకేల్ కోర్స్, ఫ్యాషన్ పత్రికల ఎడిటర్ నీనా గార్సియా, వీళ్లతో పాటు ఒక అతిథి కూర్చుని తేల్చేవారు.

మొట్టమొదట చెయ్యాల్సింది టీవీ మ్యూట్‌లో పెట్టడం. ఇది నేను గట్టిగా చెప్తాను. 2017 సీజన్ దాకా పోటీదారులకి సలహాలిచ్చిన టిమ్ గన్ గారు ఫైనల్‌కి ముందు ఒక్కొక్కరి ఇంటికి వెళ్లి కలెక్షన్ ఎంతవరకు వచ్చిందో చూసేవారు. అలాంటి చోట మనకి వాళ్ల అమ్మ కనిపిస్తుంది, చిన్న గదిలో మిషన్ కనిపిస్తుంది, వాళ్ల కష్టం కనిపిస్తుంది. ఆ కష్టం నిజమే, నాకూ కళ్లనీళ్లు వస్తాయి. కానీ ఆ నీళ్లు కళ్లలో ఉండగా మార్కులు వేస్తే బట్టకి కాదు, మనిషికి వేస్తాం. అందుకని ర్యాంప్ మొదలయ్యే ముందు ఆ డిజైనర్ మాట్లాడే రెండు మాటలు కూడా వినొద్దు. మ్యూజిక్ కూడా వద్దు, డప్పులాంటి బీటు పెడితే మామూలు స్కర్టు కూడా గొప్పగా నడుస్తుంది. మూగగా ఒకసారి చూసి, పెన్సిల్‌తో కాదు, పెన్నుతో మార్కులు రాసేసి, అప్పుడు సౌండ్ పెట్టుకోండి. కథ విన్నాక ఒకటో రెండో మార్కులు కలపాలనిపిస్తే పక్కన వేరే గడిలో కలపండి. మనసు ఎంత లాగిందో మీకే తెలుస్తుంది.

మొదటిసారి చూసేటప్పుడు విడివిడిగా డ్రెస్సులకి మార్కులు వద్దు. అన్నీ కలిసి ఒక ఇంటివేనా అన్నది చూడండి. పెళ్లి ఫోటోలో పెదనాన్న పిల్లలు, బాబాయి పిల్లలు నిలబడితే ఎవరూ చెప్పకుండానే ఒక ఇంటివాళ్లని తెలుస్తుంది కదా. అలాగని అందరూ కవలల్లా ఉండరు. కలెక్షన్ అలా ఉండాలి. నేను నూటికి నలభై మార్కులు దీనికే పెడతాను.

2008 అక్టోబరులో గెలిచిన లియాన్ మార్షల్ కలెక్షన్ చూస్తే ఇది అర్థమవుతుంది. సముద్రపు అలలు ఆమె తీసుకున్న ఆలోచన. ఒక డ్రెస్సులో ఆ అల నడుము దగ్గర మడతగా వచ్చింది, ఇంకోదాంట్లో స్కర్టు చుట్టూ పొరలు పొరలుగా దిగింది. మడత ఒకటే, కానీ చోటు మారింది, పొడవు మారింది, బరువు మారింది. దానికి ముందు సీజన్‌లో, అదే ఏడాది మార్చిలో గెలిచిన క్రిస్టియన్ సిరియానో దారి వేరు. నలుపు, బిగుతు ప్యాంట్లు, మెడ దగ్గర పెద్ద పెద్ద ఫ్రిల్స్, టోపీలు. నలుపు ఎక్కువైందని అనిపించినా ఆ పన్నెండింట్లో ఏదో ఒకటి రోడ్డు మీద కనిపిస్తే ఫలానా అబ్బాయిదని చెప్పేస్తాం. అదే పోటీలో రామీ కషూ ఉన్నారు. కుచ్చిళ్లు పోసి గుడ్డని ఒంటి మీద వాలేలా చెయ్యడంలో ఆయన చెయ్యి అద్భుతం. కానీ సీజన్ అంతా “మళ్లీ డ్రేపింగేనా” అనిపించుకున్నారు. తెలిసిన విద్య ఒక్కటే పదే పదే చూపించడం వేరు, ఒక ఆలోచనని పెంచుకుంటూ పోవడం వేరు. ఈ తేడా పట్టుకోవడానికి ఒక ఉపాయం ఉంది. చివర్లో మోడల్స్ అందరూ వరసగా ఒకేసారి నడుస్తారు. అక్కడ పాజ్ చేసి, ఒకదాన్ని వేలితో మూసెయ్యండి. అది లేకపోయినా వెలితి తెలియకపోతే అది వరస నింపడానికి కుట్టింది. అలాంటివి మూడు దొరికితే నేను పది మార్కులు తీసేస్తాను.

ఇక కుట్టు. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే చాలామంది దీన్ని వదిలేస్తారు.

షోలో గుడ్డలు కొనే షాపు మూడ్, మన్‌హాటన్‌లో వెస్ట్ 37వ వీధిలో ఉంది. నేను లైనింగ్ కోసం, జరీ పక్కన సరిపోయే పట్టు కోసం అక్కడికి వెళ్తుంటాను. ఒకసారి అక్కడ షార్మ్యూజ్ అనే మెత్తటి సాటిన్ పట్టు తాను చేత్తో పట్టుకున్నాను. నీళ్లలాగా జారిపోయింది. టేబుల్ మీద పరిస్తే నిలవదు, కత్తెర పెడితే పక్కకి వెళ్తుంది, మిషన్ కింద పై పొర ఒక దారి, కింది పొర ఒక దారి. దానికి కనిపించకుండా జిప్ వెయ్యాలంటే లోపల ఇస్త్రీ వేడికి అతుక్కునే సన్నటి ఫ్యూజింగ్ పట్టీ అతికించి, చేత్తో టాకా వేసి, అప్పుడు మిషన్ మీద పెట్టాలి. ఆ ఓపిక లేకపోతే జిప్ పొడవునా చిన్న చిన్న అలలు లేస్తాయి. టీవీలో మోడల్ వెనక్కి తిరిగినప్పుడు నడుము నుంచి కిందికి ఆ అలలు వెలుగులో మెరుస్తాయి. అందుకే మోడల్ ఎదురుగా వచ్చేటప్పుడు కాదు, తిరిగి వెళ్లేటప్పుడు కళ్లు పెట్టి చూడండి. వెనకవైపు శుభ్రంగా ఉంటే లోపల కూడా శుభ్రంగానే ఉంటుందని నా అనుభవం.

తర్వాత చంక దగ్గర చూడండి. చేతులు లేని డ్రెస్సు అయితే చంక కింద గుడ్డ నోరు తెరుచుకుందా, ఒంటికి అంటుకుని ఉందా? తెరుచుకుంటే డార్ట్, అంటే ఒంటి వంపుకి తగ్గట్టు వేసే మడత కుట్టు, చాలలేదని అర్థం. చెయ్యి ఉన్న కోటు అయితే భుజం మీద గుంటలు పడకూడదు. గళ్ల గుడ్డ, చారల గుడ్డ అయితే పక్క కుట్టు దగ్గర గీత గీతకి కలిసిందా చూడండి. అది కలపాలంటే గుడ్డ ఎక్కువ పోతుంది, టైమ్ పోతుంది. చేతిలో డబ్బు లెక్కగా ఉన్నప్పుడు కూడా గీత కలిపినవాళ్లకి నేను మనస్ఫూర్తిగా రెండు మార్కులు ఎక్కువ వేస్తాను.

ఇక అంచు. చాలా ఏళ్ల క్రితం ఇక్కడే ఒక పాపకి ఓణీల ఫంక్షన్‌కి లంగా కుట్టాను. గేర బాగా రావాలని ఐమూలగా కత్తిరించాను. అలా కత్తిరించిన గుడ్డని కనీసం ఒక రాత్రంతా వేలాడదీసి, అది సాగాల్సినంత సాగాక అంచు సమం చెయ్యాలి. నాన్నగారు ఎన్నిసార్లో చెప్పారు. ఆ వారం పని ఎక్కువై అదే రోజు అంచు కుట్టి ఇచ్చేశాను. ఫంక్షన్‌లో ఆ పిల్ల పీట మీద నుంచి లేచి నిలబడితే ఎడమవైపు రెండంగుళాలు కిందికి జారి ఉంది. వాళ్లమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. నేను మాత్రం ఫోటోలు తీస్తున్నంతసేపూ ఆ అంచే చూస్తూ నిలబడ్డాను. అప్పటి నుంచి ర్యాంప్ మీద పొడవు గౌను వస్తే ముందు నా చూపు నేల దగ్గరికే వెళ్తుంది. మోడల్ నడుస్తుంటే అంచు చుట్టూ ఒకే ఎత్తులో ఊగాలి. డిజైన్ కోసం ఎగుడుదిగుడుగా పెట్టిన అంచు వేరు, అది తేడా ధైర్యంగా, చేతెడు ఉంటుంది. ఒకటి రెండు అంగుళాల తేడా ఉంటే అది తొందర.

కుట్టుకీ ఫిట్టింగ్‌కీ కలిపి నా లెక్కలో ముప్పై మార్కులు. ఫిట్టింగ్ అంటే సన్నటి మోడల్ మీద అతికినట్టు ఉండటం కాదు. 2015లో ఆష్లీ నెల్ టిప్టన్ పూర్తిగా లావుపాటి ఆడవాళ్ల కోసమే చేసిన కలెక్షన్‌తో గెలిచింది. ఈ షోలో అలా గెలవడం అదే మొదటిసారి. మరుసటి ఏడాది టిమ్ గన్ గారే వాషింగ్టన్ పోస్ట్‌లో వ్యాసం రాస్తూ ఆ గెలుపుని తప్పుపట్టారు, అది పేరుకి చేసిన పని అన్నారు. ఆయనంటే నాకు చాలా గౌరవం, కానీ ఇక్కడ ఒప్పుకోను. కొన్ని డ్రెస్సులు నాకూ నచ్చలేదు. అయినా నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఒళ్లు అలాగే ఉంటాయి. ఆ ఒంటికి కొలత తీసి, ఛాతీకీ నడుముకీ మధ్య గుడ్డ ఎక్కడ తియ్యాలో, ఎక్కడ వదలాలో తెలియడం సన్నవాళ్లకి కుట్టడం కంటే కష్టం. 2017 సీజన్ నుంచి రకరకాల సైజుల మోడల్స్‌ని పెట్టారు. అప్పటి నుంచి ఎవరి చేతిలో అసలు పనుందో తేల్చడం సులువైంది. పెద్ద సైజు మోడల్‌కి వేసిన డ్రెస్సుని ముందు చూడండి.

ఎవరు కుట్టారన్న గొడవ కూడా వస్తుంటుంది. 2006లో జెఫ్రీ సెబెలియా కుట్టు మరీ నున్నగా ఉందని, బయటివాళ్లు సాయం చేసి ఉంటారని తోటి పోటీదారు లారా బెనెట్ అనుమానం బయటపెట్టింది. షోవాళ్లు విచారించి, ఆ ఆరోపణ నిలవదని తేల్చారు. చివరికి అతనే గెలిచాడు. మనం ఇంట్లో కూర్చుని అది తేల్చలేం. కనిపించిన కుట్టుకి మార్కులు వేసి వదిలెయ్యండి.

కొత్తదనానికి ఇరవై. మా ఇంట్లో పెద్ద తగువు జరిగింది ఇక్కడే, 2010లో. గ్రెచెన్ జోన్స్‌ది మట్టి రంగులు, వదులుగా వాలే బట్టలు. మాండో గెర్రాది రంగులే రంగులు, చుక్కలు, సర్కస్ సందడి. మైకేల్ కోర్స్, నీనా గార్సియా గ్రెచెన్ వైపు. హైడీ క్లమ్, అతిథిగా వచ్చిన జెస్సికా సింప్సన్ మాండో వైపు. చాలాసేపు వాదించుకుని గ్రెచెన్‌కి ఇచ్చారు. మా హాల్లో కూడా సరిగ్గా సగం సగం. ఒకావిడ “రేపు షాపులో కొనేది గ్రెచెన్‌వే కదా” అంది. నిజమే, నేనూ కొంటాను. కానీ షాపులో అలాంటివి అప్పటికే ఉన్నాయి. మాండో చుక్కల పక్కన చారలు, చారల పక్కన పువ్వులు పెట్టే తీరు పట్టుచీరకి కాంట్రాస్ట్ బ్లౌజు ఎంచే మా అమ్మమ్మ తెగువలా ఉంటుంది. నా కాగితం మీద మాండో నాలుగు మార్కులు ఎక్కువ, ఇప్పటికీ ఆ కాగితం దాచాను. మీరు వేసేటప్పుడు “నేను కట్టుకుంటానా” అని అడగొద్దు. “దీన్ని కట్టుకునే మనిషి నాకు కళ్లముందు కనిపిస్తోందా” అని అడగండి. ఆ మనిషి ఎక్కడికి వెళ్తోంది, కారులో ఎలా కూర్చుంటుంది, చేతిలో ఏముంది. కనిపిస్తే ఆ కొత్తదనం నిలబడుతుంది. సిరియానో గెలిచిన 2008 సీజన్‌లో క్రిస్ మార్చ్ బట్టలకి మనుషుల జుట్టు కుట్టాడు. పని గొప్పదే, కానీ ఆ డ్రెస్సు వేసుకునే మనిషి ఎంతసేపటికీ నాకు కనిపించలేదు.

మిగిలిన పది మార్కులు జుట్టుకి, చెప్పులకి, మేకప్‌కి. అంతకంటే వెయ్యొద్దు.

ఫోటోలు కూడా చూడండి. ఫ్యాషన్ వీక్‌లో చూపించిన సీజన్లలో ఫైనల్ టీవీలో రావడానికి ముందే ఆ షో అయిపోయేది, ఫోటోలు వచ్చేసేవి. ఎవరు ఫైనల్లో ఉన్నారో తెలియకూడదని కొన్నిసార్లు ఓడిపోయినవాళ్ల చేత కూడా కలెక్షన్ చూపించేవారు, కాబట్టి ఫోటోల్లో ముగ్గురి కంటే ఎక్కువమంది కనిపిస్తే కంగారు పడకండి. ఫోటోలో గుడ్డ నేత, బటన్ల వరస బాగా తెలుస్తాయి. కానీ అవి ముందువైపువి. వెనక్కి, నడకకి వీడియోనే దిక్కు.

ఇద్దరికి సమానంగా వస్తే మేం ఓట్లు వెయ్యం. ఇద్దరి కలెక్షన్లలోంచీ ఏ డ్రెస్సుని లోపలికి తిప్పి చూడాలని ఉందో ఒక్కొక్కరం చెప్తాం. లియాన్ గెలిచిన సంవత్సరం నేను ఆ పొరల స్కర్టు పేరు చెప్పాను. మర్నాడు ఉదయం బేస్‌మెంట్‌లో పాత కాటన్ లైనింగ్ గుడ్డ తీసి, ఆ అల ఎలా నిలబడిందో చూద్దామని కత్తిరించడం మొదలుపెట్టాను. అంచు లోపల పట్టీ పెట్టి చూశాను, పెట్టకుండా చూశాను, ఐమూలగా కత్తిరించి చూశాను. ఒక్క పొర సరిగ్గా వాలేసరికి మూడు రోజులు పట్టింది.